అగ్గువ ఓడ ఎవరికి అగ్గువ?

పోస్టు జర పెద్దగున్నది. శుక్రవారం ఛుట్టీ కదా, బట్టలు పిండి ఆరేసినంక కూసొని చదవండి.

పది రోజుల నుంచి మన గ్రూపులల్ల ఒకటే వీడియో తిరుగుతున్నది. తెల్లటి పెద్ద ఓడ, ఎనుక పాట, కింద రాత: "గల్ఫ్ కార్మికులకు శుభవార్త, పది వేలకే ఇంటికి, రెండు వందల కిలోల సామాను ఫ్రీ." దాని కింద దండాలు, చప్పట్లు, "ఎప్పుడు మొదలన్నా?" అని ప్రశ్నలు. ఒక తమ్ముడు మాత్రం ఇట్ల రాసిండు: "ఎట్లున్నా పర్వాలేదు, అగ్గువ ఉంటే చాలు."

నేను ఈ పోస్టు రాస్తున్నది ఆ ఒక్క మాటకే. ఆ తమ్ముని మీద కోపం లేదు. కాని ఆ మాట మీద మాత్రం నాకు చాలా కోపమున్నది.

ముందు అసలు సంగతి. ఆ వీడియోల కనిపించేది మనల్ని ఎక్కించుకునే ఓడ కాదు. పైన ఈత కొలను కనబడుతలేదా? అది విహారయాత్రలకు పోయే ఓడ. మాట మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. కేరళ సర్కారు ఎన్నో ఏండ్ల నుంచి గల్ఫ్‌కు ప్రయాణికుల ఓడ నడపాలని అంటున్నది. 2024ల కేరళ మారిటైమ్ బోర్డు, ఇట్లాంటి ఓడ నడిపే కంపెనీలు ఉంటే ముందుకు రండని ప్రకటన ఇచ్చింది. పది వేల టికెట్, రెండు వందల కిలోలు, మూడు నాలుగు రోజుల ప్రయాణం అనే మాటలు అప్పుడు పేపర్లల్ల వచ్చినయే.

మనోళ్ళు ఎందుకు ఆశపడుతున్నరో నాకు తెలుసు. పండుగలు, బడి సెలవులు వచ్చినయంటే విమానం టికెట్ రెండింతలు, మూడింతలు అయితది. రెండేండ్లకు ఒకసారి ఇంటికి పోయేటోడు ఒక నెల జీతం టికెట్‌కే పెట్టాలె. మళ్ళా సామాను ముప్పై కిలోలు దాటితే కౌంటర్ దగ్గర పెట్టె విప్పి, అందరి ముందట పిల్లల బొమ్మలు తీసి పక్కకు పెట్టాలె. ఆ సిగ్గు నేను కూడా పడ్డ. కాబట్టి ఓడ కావాలె అనుడు తప్పు కాదు. "ఎట్లున్నా పర్వాలేదు" అనుడే తప్పు.

ఎందుకంటే కార్మికుల ఓడ అంటే ఎట్లుంటదో నేను రోజూ చూసే రేవు చెప్తది.

నేను పని చేసేది సౌదీల తబూక్ ఇలాకల, ఎర్ర సముద్రం ఒడ్డుకు. ఇక్కడ దుబా అని ఒక ఊరున్నది. మనోళ్ళకు దుబై తెలుసు గాని దుబా తెల్వదు. దుబా రేవు నుంచి సముద్రం అవుతల ఈజిప్టు దేశంల సఫాగా రేవుకు ఓడలు పోతయి. దూరం రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు. మా జగిత్యాల నుంచి హైదరాబాద్ ఎంతనో సుమారు అంతే. మాపటీలి ఎక్కితే తెల్లారి దిగుతరు. లారీలు, కార్లు ఓడ కడుపులకు పోతయి, మనుషులు పైన కూసుంటరు. ఎక్కేది ఎవరు? సౌదీల పని చేసే ఈజిప్టు మేస్త్రీలు, డ్రైవర్లు, హోటల్ పనోళ్ళు. అంటే మనమే. భాష వేరు గాని బతుకు అదే.

మా సైటుల ఒక ఈజిప్టు ఫోర్‌మన్ ఉన్నడు. అందరం "రయ్యిస్" అని పిలుస్తం. వాళ్ళ భాషల మేస్త్రీని అట్లనే అంటరట. ఆయనది సోహాగ్ దిక్కు పల్లెటూరు. ఏడాదికొకసారి ఇంటికి పోతడు, ఓడ మీదనే పోతడు. పోయిన సారి ఆయన సామాను మా సైటు పికప్‌ల వేసుకొని నేనే రేవు దాకా దింపొచ్చిన. నేను ఆ ఓడ ఎక్కలేదు, ఎక్కించిన అంతే. ఆయన సామాను చూస్తే మీకు నవ్వొస్తది, తర్వాత మీ సామాను మీకే యాదికొస్తది. మూడు పెద్ద మూటలు, తాడుతోటి కట్టిన కంబళ్ళు, ఒక ఫ్యాన్, ఒక మిక్సీ, బిడ్డ పెండ్లికి అని దాచిన గిన్నెల సెట్టు. టికెట్ కుర్చీకి తీసుకుంటడట, కాని నడిచే దారిల దుప్పటి పరుచుకొని పండుకుంటడట. "అందరం అట్లనే పండుకుంటం, నడుము వాలాలె కదా" అన్నడు.

నేను ఊకుండకుండ అడిగిన: "రయ్యిస్, మెట్ల ముందట మూటలు పెట్టి, దారిల పండుకుంటే, ఏదన్న అయితే ఎట్ల బయటికి పోతరు?" ఆయన నవ్వలేదు. "2006ల మా పక్క ఊరోళ్ళు గిట్లనే పండుకున్నరు" అన్నడు.

తర్వాత ఆ సంగతంతా నేను ఫోన్‌ల వెతికి చదివిన. మన తెలుగోళ్ళు చాలమందికి తెల్వదు కాబట్టి చెప్తున్న.

2006 ఫిబ్రవరి 2 మాపటీలి, ఇదే దుబా నుంచి అల్ సలాం బొకాచియో 98 అనే ఓడ సఫాగాకు బయల్దేరింది. లోపట 1,400 మంది దాకా ఉన్నరు. ఎక్కువ మంది సౌదీల పని చేసి ఇంటికి పోతున్న ఈజిప్టు కార్మికులు. కొందరు హజ్ చేసుకొని వచ్చేటోళ్ళు. బయల్దేరిన కొన్ని గంటలకే కింద బండ్లు పెట్టే అంతస్తుల మంట లేచింది. సిబ్బంది సముద్రం నీళ్ళు పైపులతోటి కొట్టి మంట ఆర్పబోయిండ్రు. కొట్టిన నీళ్ళు బయటికి పోయే రంధ్రాలు పూడుకుపోయినయి. నీళ్ళు అంతస్తులనే నిలిచినయి. ఓడ ఒక పక్కకు ఒరిగింది. వెనుకకు తిప్పమని, దుబాకు పొమ్మని జనం మొత్తుకున్నరని, ఓడ మాత్రం ముందుకే పోయిందని బతికినోళ్ళు చెప్పిండ్రు. ఫిబ్రవరి 3, అర్ధరాత్రి దాటినంక, నడి సముద్రంల ఓడ మునిగిపోయింది. వెయ్యి మందికి పైగా చచ్చిపోయిండ్రు. బతికి బయటపడ్డది నాలుగు వందల లోపే.

ఈ ముచ్చటల నీళ్ళ సంగతి నాకు బాగా అర్థమైంది. ఎందుకంటే అది మన పనే.

మీల ఎంతమంది బేస్‌మెంట్లల్ల పని చేసిండ్రు? ఒకసారి మా సైటుల ఫైర్ లైన్ టెస్ట్ చేసినం. నీళ్ళు బాగా వచ్చినయి, ఇంజనీర్ ఫోటో దిగిండు. పావుగంటకు చూస్తే బేస్‌మెంట్ల పాదం మునిగే నీళ్ళు. ఎందుకు నిలిచినయి? డ్రెయిన్ నోట్లె ఎవడో సిమెంటు సంచి ముక్క కుక్కిండు, కాంక్రీట్ పడొద్దని. పని అయినంక తీసుడు మరిచిండు. కాగితం మీద డ్రెయిన్ ఉన్నది. చెక్‌లిస్టుల టిక్ ఉన్నది. నా సంతకం కూడా ఉన్నది. నీళ్ళకు దారి మాత్రం లేదు. నా అదృష్టం, అది నేల మీద ఉన్న బిల్డింగ్. పంపు పెట్టి తోడేసినం, నాకు ఒక వార్నింగ్ లెటర్ వచ్చింది, అయిపోయింది.

అదే నీళ్ళు ఓడల నిలిస్తే ఏమైతదో ఒక పని చేసి చూడండి. మెస్‌ల వెడల్పాటి తాంబాలం తీసుకొని సగం నీళ్ళు పోసి నడవండి. కొంచెం ఒరిగితే నీళ్ళన్నీ ఆ పక్కకే ఉరుకుతయి, ఇంకింత ఒరుగుతది, మిగిలిన నీళ్ళు కూడా అటే పోతయి. చేతిల నిలువది. బండ్లు ఎక్కించే ఓడల ఆ అంతస్తు ఇటు కొస నుంచి అటు కొస దాకా అడ్డం గోడ లేకుండ ఖాళీగ ఉంటది, లారీలు నడవాలె కాబట్టి. అది పెద్ద తాంబాలమే. అందుకే ఇట్లాంటి ఓడలు నీళ్ళు లోపటికొస్తే గంటలు గంటలు మునగవు, చూస్తుండంగనే బోల్తా పడతయి. లేచి చెప్పులు వెతుక్కునే టైం ఉండదు.

ఇప్పుడు ఓడ ఎవరిదో చూడండి. 1970ల ఇటలీల కట్టిండ్రు. 29 ఏండ్లు ఇటలీలనే తిరిగింది. మధ్యల 1991ల ఎక్కువ మంది పట్టాలని పైన అంతస్తులు పెంచిండ్రు. మనం పాత పునాది మీద అంతస్తు వేస్తే ఎంతమంది ఇంజనీర్లను అడుగుతమో మీకు తెలుసు. 1999ల ఈజిప్టు కంపెనీకి అమ్మిండ్రు. అంటే అక్కడి జనం 29 ఏండ్లు వాడి వదిలినంక, ఎర్ర సముద్రంల కార్మికుల కోసం అది కొత్త ఓడ అయింది. ఓడ ఇటలీది, కంపెనీ ఈజిప్టుది, రేవు సౌదీది, మీద జెండా పనామాది. తప్పు ఎవరిది అని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపెట్టొచ్చు. మన లేబర్ సప్లై కంపెనీల లెక్కనే: వీసా ఒకనిది, జీతం ఒకనిది, పని ఒకని దగ్గర, చచ్చిపోతే ఎవనిదీ కాదు.

మునిగేటప్పుడు ఓడల నుంచి దానంతటదే పోయే ప్రమాద సిగ్నల్ పోయింది. అది అందింది ఎవరికో తెలుసా? ఎక్కడో బ్రిటన్‌ల, స్కాట్లండ్‌ల ఉన్న వైమానిక దళం స్టేషన్‌కు. వాళ్ళు ఫ్రాన్స్ మీదుగ ఈజిప్టుకు చెప్పిండ్రు. అయినా సాయం నీళ్ళల్ల ఉన్నోళ్ళ దాకా చేరేసరికి గంటలు గడిచినయి. ఇవుతల సఫాగా రేవు దగ్గర చుట్టాలు పేర్ల లిస్టు కోసం రోజుల తరబడి నిలబడ్డరు. చెప్పేటోడు లేక రాళ్ళు రువ్విండ్రు, కంపెనీ ఆఫీసు మీద పడ్డరు.

తర్వాత ఈజిప్టు పార్లమెంటు కమిటీ, లోపాలున్నా ఓడను నడిపించిండ్రని కంపెనీని తప్పుబట్టింది. యజమాని ఆ దేశ ఎగువ సభల సభ్యుడు. 2008ల కింది కోర్టు ఆయనను నిర్దోషి అన్నది. 2009ల పై కోర్టు ఏడేండ్ల జైలు అన్నది. అప్పటికి ఆయన దేశంల లేడు.

ఇదొక్కటే అయితే ఖర్మ అనుకుందుము. ఇదే సఫాగా దగ్గర 1991 డిసెంబర్‌ల సేలం ఎక్స్‌ప్రెస్ అనే ఓడ జిద్దా నుంచి వస్తూ, రాత్రి పూట, రేవుకు ఇగ చేరుతమనంగ పగడపు రాళ్ళకు తగిలి మునిగింది. సర్కారు లెక్కల్నే 470 మంది దాకా చచ్చిపోయిండ్రు. ఆ ఓడ ఇప్పటికీ సముద్రం అడుగున ఉన్నది. నీళ్ళ కిందికి దిగి చూసొచ్చేటోళ్ళు తీసిన ఫోటోలు ఉంటయి. ఇసుకల పెట్టెలు, సూట్‌కేసులు. ఇంటికి తీసుకపోతున్న సామాను. నేను ఆ ఫోటో చూసినంక మా రూంల మంచం కింద ఉన్న నా పెట్టె దిక్కు చూడలేకపోయిన.

"అవి ఈజిప్టు ఓడలు, మనకేం సంబంధం?" అనేటోళ్ళు ఉంటరు. అయితే మన దగ్గరి ముచ్చట. మా మేనమామ డెబ్బైలల్ల బొంబాయి నుంచి ఓడ మీదనే గల్ఫ్‌కు పోయిండు. డెక్కు టికెట్. అంటే గది లేదు, మంచం లేదు, పైన కప్పు కింద చాప పరుచుకునుడే. మక్క గటక పిండి, పచ్చడి, ఎండు చాపలు కట్టుకొని పోయిండట. ఆ తొవ్వల పెద్ద పేరున్న కంపెనీ బ్రిటిష్ ఇండియా. దాని ద్వారకా అనే ఓడ 1982 దాకా బొంబాయి, కరాచీ, గల్ఫ్ రేవుల మధ్య తిరిగింది. అదే కంపెనీ ఓడ దారా, 1961 ఏప్రిల్ 8న దుబై దగ్గర సముద్రంల పేలుడు జరిగి మంటలంటుకున్నది. ఓడల ఉన్నోళ్ళు 819 మంది, చచ్చిపోయినోళ్ళు 238 మంది. చుట్టాలను సాగనంపనీకి ఎక్కి, తుఫానుకు ఓడ రేవు విడిచి సముద్రంలకు పోతే దిగలేక దాంట్లనే చిక్కినోళ్ళు కూడా ఉన్నరు. మనకు విమానాలు రాకముందు గల్ఫ్ తొవ్వ ఇదే. "ఆ రోజులు మళ్ళా వస్తే బాగుండు" అనేటోళ్ళు మా మామను అడగాలె. ఆయన ఒక్క మాట అంటడు: "ఓడల పండుకున్నం గాని నిద్రపోలేదు బిడ్డా."

ఇగ ఎదురు మాటలకు వస్త.

"విమానాలు కూలుతలేవా?" అంటరు. కూలుతయి. 2010 మే 22న దుబై నుంచి వచ్చిన విమానం మంగళూరుల కొండ మీది నుంచి కింద పడి 158 మంది పోయిండ్రు. దాంట్ల ఎక్కువ మంది గల్ఫ్‌ల పని చేసేటోళ్ళు, వాళ్ళ ఇంటోళ్ళే. నేను విమానం దేవుని రథం అంటలేను. కాని విమానం ఎక్కేటప్పుడు నీ పేరు, పాస్‌పోర్ట్ నంబర్, సీటు నంబర్ రాసి ఉంటది. బెల్టు పెట్టుకున్నవా లేదా అని ఒకరు వచ్చి చూస్తరు. నడిచే దారిల దుప్పటి పరిస్తే విమానం లేవది. మూట తలుపు ముందట పెడితే తీసేస్తరు. ఓడ ఎక్కేటోనికి కూడా అంతే లెక్క ఉండాలె అంటున్న. అంతకన్న ఒక్క ముక్క ఎక్కువ అడుగుతలేను.

"రాత్రి ఓడలు యూరప్‌ల రోజూ తిరుగుతున్నయి కదా?" అంటరు. తిరుగుతున్నయి, బాగనే తిరుగుతున్నయి. ఎట్ల బాగుపడ్డయో కూడా తెలుసుకోవాలె. 1994 సెప్టెంబర్ 28 రాత్రి ఎస్తోనియా అనే ఓడ, తాలిన్ నుంచి స్టాక్‌హోమ్ పోతూ బాల్టిక్ సముద్రంల మునిగింది. 852 మంది పోయిండ్రు. ముందటి తలుపు ఊడి బండ్ల అంతస్తులకు నీళ్ళు వచ్చినయి. మళ్ళా అదే తాంబాలం సంగతి. వాళ్ళు ఖర్మ అనుకొని ఊకోలేదు. రెండేండ్లల్లనే అక్కడి దేశాలు కూసొని ఒప్పందం చేసుకున్నయి: బండ్ల అంతస్తుల అర మీటరు దాకా నీళ్ళు నిలిచినా తట్టుకునేటట్టు ఓడ ఉండాలె అని. అక్కడ ప్రాణం పోతే రూలు మారింది. పన్నెండేండ్లకు ఇక్కడ ఎర్ర సముద్రంల అదే అంతస్తుల నీళ్ళు నిలిచి వెయ్యి మంది పోయిండ్రు. సముద్రం ఒక్కటే, నీళ్ళు ఒక్కటే. ఎక్కిన మనుషుల విలువ వేరు అయింది.

ఇంకొకటి చాలమందికి తెల్వదు. ఇటలీ దగ్గర 2012ల కోస్టా కాంకోర్డియా అనే పెద్ద విహార ఓడ ఒరిగినంక, ప్రపంచం మొత్తానికి ఒక రూలు తెచ్చిండ్రు. ఓడ బయల్దేరకముందే, లేకుంటే బయల్దేరంగనే, ప్రయాణికులను జమ చేసి లైఫ్ జాకెట్ ఎట్ల వేసుకోవాలె, ఎక్కడ నిలబడాలె అని చూపెట్టాలె. 2015 నుంచి అమలు. మంచి రూలే. కాని అది 24 గంటల కన్న ఎక్కువ సేపు మనుషులు ఉండే ప్రయాణాలకే. మాపటీలి ఎక్కి తెల్లారి దిగే ఓడకు అది వర్తించది. మైకుల ఒక ప్రకటన చెప్తే సరిపోతది. ఆ ప్రకటన ఏ భాషల చెప్తరు? పొద్దంత ఎండల పని చేసి, బస్సుల వచ్చి, మూటలు మోసి పండుకున్నోనికి ఆ మైకు వినబడుతదా?

ఇప్పుడు పోస్టు పేరుకు వస్త. అగ్గువ ఓడ ఎవరికి అగ్గువ?

లెక్క చూద్దాం. సౌదీ లేబర్ చట్టంల ఏడాదికి సెలవు 21 రోజులు. ఐదేండ్లు ఒకే కంపెనీల చేసినంక 30 రోజులు. ఓడ పోను మూడు నాలుగు రోజులు, రాను మూడు నాలుగు రోజులు. కేరళల దిగినంక మనం ఇంకా ఊరు చేరలే. అక్కడి నుంచి రైలు పట్టుకొని తెలంగాణకో, కడపకో, కోనసీమకో రావాలె. అటొక రోజు, ఇటొక రోజు. 21ల 8 నుంచి 10 రోజులు తొవ్వల్నే పోయినయి. ఆ రోజుల జీతం ఎవరిస్తరు? నీ పిల్లగానితోటి కూసునే రోజులు ఎవరి ఖాతల రాస్తరు? టికెట్ మీద మిగిలిన పైసలు కనబడుతయి. పోయిన రోజులు కనబడవు.

ఇంకా పెద్ద భయం ఒకటున్నది. ఇవ్వాళ చాలా అగ్రిమెంట్లల్ల సెలవుకు పోను రాను టికెట్ కంపెనీదే అని ఉంటది. విమానం అనే రాసి ఉంటదో, ఉత్త "టికెట్" అనే ఉంటదో మీల ఎంతమంది చదివిండ్రు? నేను కూడా మొదటి రెండు అగ్రిమెంట్లు చదవకనే సంతకం పెట్టిన. రేపు పది వేల ఓడ నిజంగ వస్తే, కంపెనీల హెచ్‌ఆర్‌ల కూసున్నోడు మన కన్న ముందు కాలిక్యులేటర్ తీస్తడు. "టికెట్ ఇచ్చినం కదా, ఓడ టికెట్" అంటడు. విమానం కావాలంటే తేడా నువ్వు కట్టుకో అంటడు. మనం అడుక్కొని తెచ్చుకున్న ఓడ, మన జీతం కోసే కత్తి అయితది. అగ్గువ మనకు కాదు, వానికి.

ఇది నేను ఊహించి బెదిరిస్తలేను. క్యాంపుల ఏం జరుగుతదో యాది చేసుకోండి. బయటి రూంలు పిరం అని మనమే క్యాంపు బాగుందన్నం, తర్వాత ఒక్క రూంల పదిమంది అయినం. మెస్ అగ్గువ అన్నం, తర్వాత మెస్ పైసలు జీతంలనే కోసిండ్రు. మనం "ఎట్లున్నా పర్వాలేదు" అన్న ప్రతిసారి, అవుతలోడు ఎట్లున్నదో అట్లనే ఇచ్చిండు.

కాబట్టి ఓడ కావాలని అడిగేటోళ్ళు, ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇచ్చేటోళ్ళు, గల్ఫ్ సంఘాల మీటింగుల మైకు పట్టేటోళ్ళు, ఒట్టి ఓడ అడగకండి. ఈ ఐదు కలిపి అడగండి.

ఒకటి. ఓడ ఏ ఏట కట్టింది, మొదట ఎంత మందికి కట్టింది, తర్వాత ఏమేం పెంచిండ్రు? మీద ఏ దేశం జెండా? చివరిసారి తనిఖీ ఎవరు చేసిండ్రు? ఈ కాగితం టికెట్ కౌంటర్ దగ్గర గోడకు అంటించాలె, మనకు తెలిసిన భాషల.

రెండు. ఎక్కిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఇంటి ఫోన్ నంబర్ ఓడ కదలకముందే ఒడ్డు మీద ఉండాలె. ఏదన్న అయితే ఇంటోళ్ళు రేవుల రాళ్ళు రువ్వుకుంటు నిలబడే గతి రావద్దు.

మూడు. రూలు ఉన్నా లేకున్నా, ఓడ కదలకముందు జాకెట్ వేసి చూపెట్టాలె. సైటుల టూల్ బాక్స్ టాక్ లేకుంటే పని మొదలుకాదు కదా, గట్లనే.

నాలుగు. సామాను వేరే కట్టి కింద పెట్టే జాగా, పండుకునేటోనికి పండుకునే జాగా. నడిచే దారి, మెట్లు ఖాళీగ ఉండాలె. రెండు వందల కిలోలు ఫ్రీ అన్నోడు అవి యాడ పెడతడో కూడా చెప్పాలె.

ఐదు. ఓడ ఎక్కుడు మన ఇష్టం కావాలె. అగ్రిమెంట్ల కంపెనీ ఇచ్చేది విమానం టికెట్టే అని రాసి ఉండాలె. ఓడల పోయే రోజులు సెలవుల కోయొద్దు.

ఇవి ఇస్తే ఆ ఓడ మొదటి ట్రిప్పుల నేనే ఎక్కుత. మా ఇంటామెకు కుట్టు మిషన్ తీసుకపోయేది ఉన్నది.

చివరికి మన మీద మనకు ఒక మాట. అన్ని తప్పులు కంపెనీది, సర్కారుది అంటే అబద్ధమైతది. మూడేండ్ల కింద మా క్యాంపుల రాత్రి రెండింటికి పక్క బ్లాకుల వైరు కాలి పొగొచ్చింది. సైరన్ కొట్టింది. నేను సూపర్‌వైజర్‌ను. నెలనెల మా పోరగాండ్లకు నేనే చెప్త: "ఏది ఉన్నా వదిలేసి అసెంబ్లీ పాయింట్‌కు ఉరకాలె." ఆ రాత్రి నేను మెట్లు సగం దిగి, మళ్ళా పైకెక్కి, మంచం కింద పెట్టె గుంజుకొని వచ్చిన. ఇరుకు మెట్లల్ల నా పెట్టెకు తట్టుకొని ఒక నేపాల్ పిల్లగాడు పడ్డడు. మోచెయ్యి గీరుకపోయింది అంతే. పొగ అంతట్లనే ఆగింది కాబట్టి అంతే. అందరికి పాఠం చెప్పే నేనే గట్ల చేసిన. పెట్టెల ఏమున్నది? బిడ్డకు రెండు డ్రెస్సులు, ఒక గడియారం, కొన్ని సబ్బులు. పేదోనికి పెట్టె విడుచుడు ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే మూటలు దారిల పెట్టుకున్న ఆ ఈజిప్టు మనుషులను నేను తప్పుపట్టలేను. కాని ఒక్కసారి ఎవరన్న జాకెట్ చేతికిచ్చి, దారి చూపెట్టి, సామానుకు వేరే జాగా ఇస్తే వాళ్ళు అట్ల పండుకుందురా?

రయ్యిస్‌ను దింపిన రోజు ఓడ లైట్లు చిన్నగ అయ్యేదాకా గోడ దగ్గరనే నిలబడ్డ. తెల్లారి ఏడింటికి ఫోన్ చేసిండు. "దిగిన, చాయ్ తాగుతున్న" అన్నడు. నాకు ఆ రాత్రి సరిగ నిద్ర పట్టలేదని ఆయనకు చెప్పలే.

ఆ కామెంట్ పెట్టిన తమ్ముడూ, నువ్వు ఈ పోస్టు చదువుతుంటే నిన్ను ఒకటే అడుగుత. కామెంట్ తీసెయ్యమంటలేను, ఎడిట్ చెయ్యి. "ఎట్లున్నా పర్వాలేదు" అన్న ముక్క కొట్టేసి, "ఎట్లుండాలెనో మేమే చెప్తం" అని రాయి. అగ్గువ అన్న మాట అట్లనే ఉంచు.

తప్పుంటే చెప్పండి, దిద్దుకుంట. మీ అగ్రిమెంట్ల టికెట్ గురించి ఏం రాసి ఉన్నదో ఇవ్వాళ చదివి కామెంట్ల పెట్టండి. చదువు రాకుంటే ఫోటో తీసి నాకు పంపండి, వచ్చినంత వరకు నేను చదివి చెప్త.